నంబరు ప్లేటు రేటు

గంటస్తంభం వెనక సందులో
నా కొట్టుకి ఇప్పుడు బళ్ళు రావు.
నంబర్లు రేకు మీద అచ్చులో పుడుతున్నాయి.
ముప్పై అయిదు సిరీస్‌లో
విజయనగరంలో సగం బళ్ళకి నేనే రాశాను.
ఎనిమిదికి నడుం సన్నగా,
తొమ్మిదికి తోక కొంచెం పొగరుగా.

జూలైలో ఒక మధ్యాహ్నం
బోనెల జోగారావు వచ్చాడు, చంకలో అట్టపెట్టె.
మూత తీస్తే విమానం.
అప్పటికే అతికించేశాడు, జిగురు వేలిముద్రలతో సహా.
రెక్క నుంచి రెక్కకి జానెడు లేదు.
"సీ హాక్. నేవీలో దీనికి మెకానిక్కుని.
రంగు నువ్వెయ్యాల, బావూ."
కుడిచెయ్యి ఎత్తి చూపించాడు.
వోల్టేజీ చాలని ట్యూబులైటులా కొట్టుకుంటోంది.

స్ప్రే కొట్టించుకోవచ్చుగా,
రింగురోడ్డులో ఆటోలకి కొట్టేవాడున్నాడు, అన్నాను.
"ఇది ఆటో కాదు కదేటి."

నాకు తెలిసింది ఎనామిల్, ఒక్క దెబ్బకి పట్టేసే రంగు.
ఇది నీళ్ళలో కలిసేది.
మొదటిరోజు లాగితే గీతలు గీతలు,
దువ్వెన పళ్ళు దిగిన నూనెతలలా.
కడిగేశాను.
చోడి అంబలి కాదు, అంబలి మీద తేరిన నీళ్ళు.
అంత పల్చన ఉండాలని
చేతికి తెలియడానికి నాలుగు రోజులు.

మొదటి పూత చూస్తే సిగ్గేస్తుంది,
తడిసిన చొక్కా ఒంటికి అంటుకున్నట్టు.
అక్కడే చెయ్యి ఆపుకోవాలి.
మళ్ళీ తాకావా, అడుగు పూత లేచొస్తుంది
మానుతున్న దెబ్బ మీద పెచ్చు గిల్లినట్టు.
పక్క గోదాములోంచి జనపనార నూగు పడకుండా
అన్నం గిన్నె బోర్లించి
ఊరికే కూర్చోవడం.
ముప్పై ఏళ్ళు రంగులేసి
అప్పుడు నేర్చుకున్నానా పని.

కిందవైపుకి సీసా మీద స్కై అనుంది,
లోపల పచ్చి జీడిపప్పు రంగు.
పైన ముదురు బూడిద,
చింతపల్లి ఒడ్డున తుఫానుకి ముందురోజు నీళ్ళు.
ఒక పూత అడ్డంగా, ఒకటి నిలువుగా.
నాలుగో పూతకి కుంచె మాయమైంది.
గర్వపడ్డాను.

జోగారావు భూతద్దం పెట్టి చూశాడు.
ఎడమ రెక్క మొదట్లో ఒక పలక మీద గోరు ఆనించాడు.
"ఇక్కడ బాలేదు."
ఏం బాలేదు?
"బాగుంది. అదే."

ఓడ మీద, రాత్రి, వాన.
పలక మార్చారు, తెల్లారితే ఎగరాలి,
స్ప్రే గన్ను మొరాయించింది.
పంతొమ్మిదేళ్ళ జోగారావు టార్చి పళ్ళతో కరిచి
గోడకేసే కుంచెతో పూసేశాడు.
రంగు కూడా ఒక పిసరు తేడా.
ఆఫీసరు తిట్టాడు.
పైలట్టు మాత్రం
ఆ పలకని రెండువేళ్ళతో తట్టి ఎక్కాడట.
"వరసలో ఎంత దూరాన్నున్నా పోల్చేసేవోణ్ణి, మా ఇంటి దూడలాగ.
ఆ పలక కాడ నీ కుంచి కనబడాల."

కనబడకుండా వెయ్యడానికి నాలుగు రోజులైతే
కనబడేలా వెయ్యడానికి వారం.
కావాలని గీసిన గీత అబద్ధంలా ఉంటుంది.
తుడిచాను, వేశాను, తుడిచాను.
చివరికొక రాత్రి కరెంటు పోయింది.
సెల్‌ఫోను పళ్ళతో కరుచుకుని
చొంగ కారుతుండగా
నాలుగు లాగుల్లో పూసేసి పడుకున్నాను.

పెట్టెలో వచ్చిన స్టిక్కరు నంబర్లు ఎవరివో.
వాటిని నీళ్ళలో వెయ్యలేదు.
ఉడత వెంట్రుకల సన్నకుంచెతో, ఊపిరి బిగబట్టి,
అతను చెప్పిన మూడంకెలు రాశాను.
మధ్యలో ఎనిమిది.

ఎంత, అన్నాడు.
నంబరు ప్లేటు రేటే. రెండు పక్కలా రాశాను కాబట్టి
రెండు ప్లేట్లు.
బేరమాడాడు. ఇరవై తగ్గించాను.

మిగిలిన బూడిద
నా స్కూటరు మడ్‌గార్డు గీత మీద పూశాను.
రంగు కలవలేదు, వానకి సగం పోయింది.
సందులో పిల్లలు అడుగుతారు, అదేటని.
రెండువేళ్ళతో తట్టి
కిక్కు కొడతాను.